పేన్లు పోతే ఇస్తానన్న తల

పేన్లుండాయని ఎవురూ నోరు తెరిచి చెప్పరు. షుగరుండాదని చెప్తారు, బీపీ ఉండాదని చెప్తారు, ఆపరేషనయితే కుట్లు కూడా చూపిస్తారు. మా పాప తలనిండా పేన్లుండాయి అని మాత్రం నంద్యాలలో ఒక్క తల్లి నోట్లోనుంచి నేను వినలేదు. అందరి పిల్లోళ్ళూ గోక్కుంటానే ఉంటారు, అందరి తల్లులూ చుండ్రు అంటారు. నేనూ అన్నా కొన్నాళ్ళు. చుండ్రుకు కాళ్ళుండవు గదా. దువ్వెన మీద నడుచుకుంటా పోతాంటే ఇంగ దాన్ని చుండ్రని ఎట్ల చెప్పేది?

మా పాప అప్పుడు రెండో తరగతి. ఒక్కతే కూతురు మాకు. దాని జుట్టు నడుం దాటి ఉండె. ఒత్తుగా, కొసల్లో కొంచెం వంకీలు తిరిగి. నా జుట్టు కాదు అది, వాళ్ళ నాయన వైపుది. పెండ్లిళ్ళకు పోతే ముక్కూమొహం తెలీని ఆడోళ్ళు కూడా దాని జడ పట్టుకోని చూసేవాళ్ళు, సవరం పెట్టినారేమో అని. అది తల తిప్పి వాళ్ళను ఒక చూపు చూసేది, రాణీగారి మాదిరి. దానికి బొమ్మలు లెక్కలేదు, గౌన్లు లెక్కలేదు. జడలొక్కటే దాని ఆస్తి.

నేను విత్తనాల కంపెనీ ఆఫీసులో పని చేస్తాండా. మా ఇంటాయనకు ఎరువుల అంగడి, మేముండే ఇంటి కిందనే. ఒక సాయంత్రం నేను వచ్చేసరికి పాప యూనిఫాం కూడా విప్పకుండా గడప మీద కూసోనుండె.

"మిస్సు నన్నొక్కదాన్నే ఎనక బెంచీలో కూసోబెట్టింది మా" అనింది.

"ఎందుకు?"

"నా తలలో పురుగులుండాయంట. అందరూ చూసినారు."

ఆ మిస్సు మీద కోపమొచ్చింది, ఆ పక్కన కూసునే పిల్లోళ్ళ మీద కోపమొచ్చింది, ఎవురి తలలోనుంచి వచ్చినాయో వాళ్ళమ్మ మీద ఇంకా కోపమొచ్చింది. ట్యూబులైటు కిందికి లాక్కపోయి జడలిప్పి చూసినా. చెవుల ఎనకాల, మెడ పైన, పాయ తీసినకాడల్లా ఈర్లు. ఈర్లంటే పేన్ల గుడ్లే, తెల్లగా ఎంటికకు అతుక్కోని ఉంటాయి, ఊదితే పోవు, దులిపితే పోవు. అయ్యో దేవుడా, ఇన్ని దినాలు నేనేం చూస్తాండా అనుకున్నా.

అది నా మొహం చూసి రెండు చేతులతో జుట్టు పట్టుకునింది. "గుండు కొట్టిస్తారా?" అనింది. మా సందులో ఒక పాపకు పేన్లెక్కువయినాయని వాళ్ళవ్వ గుండు కొట్టించింది. ఆ పాప ఎండాకాలమంతా బయటికి రాలేదు. వస్తే పిల్లోళ్ళు గుండూ గుండూ అని ఎంటబడేవాళ్ళు. మా పాప గూడా వాళ్ళతో చేరి అరిచిందని నాకు తెలుసు. అందుకే దానికంత భయం.

"కొట్టీయను. నేను పేన్లు తీసేటప్పుడు కదలకుండా కూసో. నువ్వు కదలకుంటే నీ జుట్టుకు కత్తెర గూడా తగలనియ్యను" అన్నా.

"ఒట్టేనా?"

"ఒట్టు."

చిన్నపిల్లకు ఒట్టు పెట్టేది ఎంత సులభం! నోరు తెరిస్తే చాలు.

ఒట్టయితే పెట్టినా గానీ, తల చూసేదానికి టయం యాడుండాది? పొద్దున బడి వ్యాను వస్తాది, టిఫిను డబ్బా, నీళ్ళ సీసా, ఒక సాక్సు కనబడదు. నేను ఆఫీసునుంచి వచ్చేసరికి దీపాలు పెట్టే పొద్దు. దీపం పెట్టినాక తల దువ్వకూడదు, ఎంటిక ఇంట్లో రాలకూడదు. ఇది మా అత్త మాట. ఆమె ఆళ్ళగడ్డలో మా బావగారింట్లో ఉంటాది. ఆడుండే మనిషికి ఈడ నేను దువ్వేది ఎట్ల తెలుస్తాది అనుకుంటారేమో. మా ఇంట్లోనే గూఢచారి ఉంది గదా. రోజూ వీడియో కాల్‌లో "జేజీ, మా యమ్మ దీపం పెట్టినాక నా తల దువ్వింది" అని అది సంబరంగా చెప్పేస్తాది. అటునుంచి అత్త గొంతు: "ఏమ్మే, లచ్చిమి ఇంట్లోకొచ్చే వేళకు పేన్లు కుక్కుతాండావా? బుద్దుందా నీకు?" ఇంగ ఆ మాట పడి ఎవురు దువ్వుతారు?

అందుకని మిగిలేది ఆదివారమొకటే. శనివారం సాయంత్రం బస్సెక్కి ఆళ్ళగడ్డకు పోయేది మాకు అలవాటు. ఆదివారం టిఫిన్లయినాక అత్త పంచలో చాప పరిచేది. పాపను మోకాళ్ళ మధ్య కూసోబెట్టుకోని తల ఒళ్ళోకి వంచుకునేది. ఆమె చేతులు చూడాల! కళ్ళద్దాలు లేకుండానే వేళ్ళు జుట్టులో పోతాంటాయి, టక్కున ఆగుతాయి, బొటనవేలి గోరు మీద గోరు పెట్టి టప్పున కుక్కుతాది. కుక్కిన ప్రతిసారీ నా తట్టు చూస్తాది.

"ఇది మీ నంద్యాల పేనే. మా ఊర్లో ఇంత లావుండవు" అనేది.

"అవును అత్తా, మాకాడ రేషన్ బాగిస్తారు" అన్నా ఒకసారి. ఆమె నవ్వలేదు. మా ఇంటాయన నవ్వి, అమ్మ మొహం చూసి పేపరు అడ్డం పెట్టుకున్యాడు.

ఆమె ఒక పక్క, నేనొక పక్క. మధ్యాన్నానికి నా నడుం పట్టేసేది, కళ్ళు మండేవి. కళ్ళు మూసుకున్నా ఆ తెల్లని ఈర్లే కనబడేవి. ఇంత చేసి సోమారం పొద్దున చూస్తే మళ్ళీ ఉంటాయి. వారమంతా అవి గుడ్లు పెట్టుకోవాల, మేము ఆదివారం చంపాల. ఇదే బతుకైపోయింది. మెడికల్ షాపులో లోషన్ తెచ్చి పూసినా. వాసనకు తల తిరిగేది. మొదటిసారి పోసినప్పుడు స్నానాల గదిలో రాలిపడిన పేన్లు చూసి పండగ చేసుకున్నా. గుడ్లు చావవు, మళ్ళా వారానికి పూయాల అని అట్టపెట్టె మీద రాసుండాది. పూసినా. మళ్ళా వచ్చినాయి. దిండు గలేబులు ఉడకేసినా, దుప్పట్లు మిద్దె మీద ఎండకేసినా. వేపాకు నూరి పట్టించినా. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి పెట్టినా. ఆఫీసులో నా పక్క సీటామె "ఏందో గుడి వాసనొస్తాంది మీకాడ" అనింది. ఏం చెప్పాల? గుడికి పోయొస్తాండా అన్నా.

మా ఇంటాయన ఇదంతా సినిమా చూసినట్ల చూసేవాడు. "మగోళ్ళకు రావులే ఇవి" అనేవాడు తల గోక్కుంటా. ఆ గోక్కునేది తనకు తెలీదు. నేను చెప్పినా నమ్మడు. "అది ఎరువు దుమ్ము" అనేవాడు.

సీతాఫలాల కాలమొచ్చింది. నల్లమల నుంచి గంపలు దిగినాయంటే అహోబిలం దోవ పొడుగునా ఆ వాసనే. మా అత్త పండ్లు తిని గింజలన్నీ కడిగి ఎండబెట్టి పెట్టుకునింది. ఆ ఆదివారం మేము పోయేసరికి నూరి గిన్నెలో సిద్ధంగా పెట్టుండాది. "మీ మందులూ మాకులూ చూసినాం గదా. ఇంగ నా మందు చూడు. మా యమ్మ మాకు ఇదే పట్టించేది" అనింది.

ఆ పొడి కంట్లో పడితే ప్రమాదమని నేను ఎవురో అంటే విన్నా. చెప్పినా కూడా. "కంట్లో ఎందుకు పడనిస్తా? నేనేమన్నా చిన్నపిల్లనా?" అని ఆమె అనేసరికి నోరు మూసుకున్నా. నిజం చెప్తే, ఒకవేళ దీంతోనన్నా పోతాయేమో అని నాకూ లోపల ఆశ. అంత విసిగిపోయి ఉన్నా.

నూనెలో కలిపి తలంతా పట్టించి గుడ్డ చుట్టినాం. పాప బుద్ధిగానే కూసునింది. ఎండకు చెమట పట్టింది. ఆ నూనె నుదురు మీదికి కారింది, అది చేత్తో తుడుచుకునింది, ఆ చెయ్యే కంట్లో పెట్టుకునింది. అమ్మా అని ఒక్క కేక. చాప మీద దొర్లుతాంది. నేను పరిగెత్తి దాని తల ఒళ్ళో పెట్టుకుంటే అత్త చెంబుతో నీళ్ళు పోస్తాంది. పోస్తానే ఉండాం, అది అరుస్తానే ఉంది, కన్ను తెరవనియ్యదు. పక్కింటోళ్ళు గోడ మీదినుంచి తొంగి చూస్తాండారు.

అప్పుడు నా నోట్లోనుంచి వచ్చేసింది. ఏడ్చుకుంటా, తిట్టినట్లే అన్నా: "ఓ నరసింహసామీ! ఈ పేన్లు నా బిడ్డను ఇడిసిపెట్టి పోతే చాలు. దీని తల నీకే ఇస్తా, తీసుకోపో!"

అత్త చేతిలో చెంబు ఆగింది. నా తట్టు చూసింది. కంటికి నీళ్ళు పోసేది అయినాక లోపలికి పోయింది. నేను పాప ఏడుపులో పట్టించుకోలేదు. సాయంత్రం బస్సుకు బయల్దేరేటప్పుడు దేవుని గూట్లో చూస్తే పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ ముడుపు కట్టి పెట్టుండాది. ఎవురి ముడుపో అనుకున్నా. మాదేనని నాకు తట్టనే లేదు.

మరుసటి దినం ఆఫీసుకు సెలవు పెట్టి నంద్యాలలో కంటి డాక్టరు దగ్గరికి పోయినాం. పాప కన్ను మంకెన పువ్వు మాదిరి ఎర్రగా వాచుండె. డాక్టరు పెద్దామె. ఏం పడిందో చెప్పేసరికి పెన్ను కింద పెట్టింది.

"చదువుకున్నావా నువ్వు?" అనింది.

"చదువుకున్నా మేడం."

"ఆ గింజలకు కన్ను పొయ్యేంత పనైతాది. నీ అదృష్టం, వెంటనే నీళ్ళు పోసినారు. ఇంగ తలకు ఏదీ నూరొద్దు. తెలిసిందా?"

తిట్లు తిన్నా. తినాల్సినయే. అన్నీ తిట్టినాక ఆమే కుర్చీ ముందుకు జరుపుకోని చెప్పింది. తడి జుట్టుకు కండిషనర్ పట్టించి, సన్న పండ్ల పేన్ల దువ్వెనతో కుదురు నుంచి కొస దాకా దువ్వాల. దువ్విన ప్రతిసారీ తెల్ల గుడ్డకు తుడుచుకోని చూడాల. ఒక దినం తప్పితే ఒక దినం. ఇంట్లో అందరి తలలూ ఒకే దినం చూసుకోవాల, లేకుంటే ఒకరి దగ్గరినుంచి ఒకరికి తిరుగుతానే ఉంటాయి. "ఆదివారం ఆదివారం చేస్తే యాడ పోతాయమ్మా అవి?" అనింది.

చుక్కల మందుతో కన్ను నయమైంది. ఇంగ దీపం సంగతి. బస్సులో, ఆఫీసులో, గిన్నెలు తోముకుంటా దాన్నే ఆలోచించినా. దీపం పెట్టినాక దువ్వకూడదు, అంతే గదా? అయితే దువ్వినాకనే దీపం పెడతా! ఇంటికొచ్చి చెప్పులిడిసి, కాఫీ గూడా తాగకుండా, పాపను స్టూలు మీద కూసోబెట్టేది. దువ్వి, ఎంటికలు ఊడ్చి, గుడ్డ ఉడకేసి, స్నానం చేసి అప్పుడు దీపం పెట్టేది. పక్కిండ్లలో అప్పటికే దీపాలు పెట్టి, టీవీలు గూడా పెట్టుకునేవాళ్ళు, కూర వాసనలు వచ్చేవి. మా లచ్చిమి కొంచెం ఆలస్యంగా వచ్చేది మా ఇంటికి. గూఢచారి ఫోన్లో చెప్పింది కూడా: "జేజీ, మా యమ్మ నా తల దువ్వినాకనే దీపం పెడ్తాంది." "సరేలే" అనింది అత్త.

అందరి తలలూ అన్నారు గదా. మా ఇంటాయన తల దువ్వితే గుడ్డ మీద నల్లగా రెండు మూడు పడినాయి. "ఎరువు దుమ్ము కాళ్ళు ఆడిస్తాంది చూడు" అన్నా. నా తల ఆయనతోనే చూపించుకున్నా. నాకూ ఉన్నాయి. ఇంగ అత్త తల చూడాల. ప్రతి శనివారం పాప పండుకునేది జేజి పక్కనే గదా. కోడలు పోయి అత్తా నీ తల చూపించు అని ఎట్ల అనాల? వారం దినాలు మాటలు కూర్చుకున్నా, ఒక్కటీ బాగలేదు. చివరికి పాపే "జేజీ, డాక్టరు నీదీ చూడమనింది, కూసో" అనేసింది. అత్త మొహం ముడుచుకోని కూసునింది. ఆమె తలలో యేముండాదో నేను చెప్పను. దువ్వినా, కడిగినా, ఆమె గానీ నేను గానీ దాని గురించి మళ్ళా నోరెత్తలేదు.

ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పుడు గూడా నాకు భుజాలు నొప్పి పుడతాయి. ఆఫీసులో పొద్దంతా కూసోని, వచ్చి నిలబడి దువ్వాల. చెయ్యి ఎత్తి ఎత్తి భుజం గూడు పీకేది. ఒక్కొక్క దినం కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, ఏడుపు కాదు, అలుపు. చిక్కు పడితే నా కోపమంతా ఆ చిక్కు మీద, ఆ చిక్కు మీది కోపం బిడ్డ నెత్తి మీద. "కదలొద్దన్నానా!" అని అరిచేదాన్ని. అది కదిలి ఉండదు, నొప్పికి భుజం ముడుచుకోని ఉంటాది అంతే. మెడ నొప్పని అనేది గానీ లేచి పోయేది కాదు. ఏడేండ్ల పిల్ల అంతసేపు స్టూలు మీద కూసోవడం ఎప్పుడన్నా చూసినారా? నేను చూసినా. జుట్టు కోసం కూసునింది.

నాకు వీపు తిప్పుకోని కూసునేది గదా, మొహం కనబడదు కాబట్టేమో, అన్నీ చెప్పేది. ఎనక బెంచీలో కూసుంటే బోర్డు కనబడదని. టిఫిను పంచుకునే పాప ఇప్పుడు పంచుకోవడం లేదని. రిబ్బను కింద పడితే ఎవురూ ముట్టుకోలేదని, కాలితో తోసినారని. నేను దువ్వెన తుడుచుకుంటా ఊ కొట్టేదాన్ని. ఎదురుగా కూసోబెట్టి అడిగితే ఒక్కటీ చెప్పి ఉండదు.

ఒక దినం గుడ్డ తెల్లగా ఉండె. నమ్మకం లేక మళ్ళా దువ్వినా. తెల్లగానే. అయినా ఆపలేదు, ఇంకా కొన్నాళ్ళు దువ్వినా. ఈర్లు గూడా గోరుతో గీరి లాగేసినా. బడికి పోయి మిస్సును నేనే అడిగినా, చూడండి మేడం అని. ఆమె పాయలు తీసి చూసి "గుడ్" అనింది. ఆ పొద్దు పాప ముందు బెంచీలో కూసునింది. సాయంత్రం జడలు రెండూ ముందుకేసుకోని, అంగట్లో రైతుల మధ్య "నాకు పోయినాయి, నాకు పోయినాయి" అని ఎగిరింది. ఏందవి పోయింది పాపా అని ఒక పెద్దాయన అడిగితే మా ఇంటాయన "జలుబు" అన్యాడు.

నేను సంతోషం పట్టలేక అత్తకు ఫోన్ చేసినా.

"పోయినాయా? ఒక్కటి గూడా లేదా?"

"ఒక్కటి గూడా లేదు అత్తా."

"అట్లయితే వచ్చే ఆదివారం పోదాం పాండి."

"యాడికి?"

"యాడికేందమ్మే? అహోబిలానికి. తల ఇస్తానని మొక్కినావు గదా. నేను ముడుపు గూడా కట్టినా."

అప్పుడు గుర్తుకొచ్చింది ఆ పసుపు గుడ్డ. నా బిడ్డ తలలో పేన్లు పోవాలని అన్ని సాయంత్రాలు నిలబడి దువ్వింది నేను. పోయినాయి కాబట్టి ఇప్పుడు ఆ జుట్టే పోవాల. పేన్లు అట్లే ఉండిపోయింటే జుట్టు మిగిలేది. ఇట్లాంటి పని ఎవురన్నా చేస్తారా? నేను చేసినా. నా నోటికి తాళమెయ్య!

"కోపంలో అన్నా అత్తా" అన్నా.

"కోపంలో అంటే సామి వినడా? ఆయన కోపం సంగతి నీకు తెలీదా?"

"మూడు కత్తెర్లిద్దాం. ఆడపిల్లలకు అట్లే ఇస్తారు గదా, మూడు పాయలు కత్తిరిస్తే చాలు గదా."

"కత్తెర ఇస్తానని మొక్కినావా? తల ఇస్తానని మొక్కినావు. కన్ను పోవాల్సిన బిడ్డ. కన్నిచ్చినాడు. మళ్ళా ఆయనతో బేరమాడతావా?" అప్పుడు అర్థమయింది నాకు, ఆమె మొండితనం కాదది. తాను నూరిన గింజలు గదా. ఆ బిడ్డ దొర్లింది ఆమె చాప మీదనే గదా. ఆమెకు నాకన్నా ఎక్కువ భయం.

మా ఇంటాయన్ను అడిగినా. "దేవుని ఇషయం. నేను అడ్డం రాను" అన్యాడు. "ఎంటికలే గదా, మళ్ళా వస్తాయి." పాపకు వినబడకూడదని మెల్లగా అన్యాడు గానీ దానికి వినబడింది. ఆ వారమంతా అది జుట్టు మాటెత్తలేదు. స్నానానికి పోతే గడియ పెట్టుకునేది. నేను దువ్వుతానంటే "నేనే దువ్వుకుంటా" అనేది. దాని మొహం చూసే ధైర్యం నాకు లేదు. ఆఫీసుకు పోయేది, వచ్చేది, వండేది. ఏం చెయ్యాలో తోచలేదు. అత్తతో కొట్లాడే ఓపిక లేదు, బిడ్డకు చెప్పే నోరు లేదు.

ఆదివారం ఆళ్ళగడ్డ నుంచి దిగువ అహోబిలానికి బస్సులో పోయినాం. కల్యాణకట్టలో రద్దీ లేదు. నేలంతా తడి. మా ముందు ఒక చంటిబిడ్డకు పుట్టెంటికలు తీస్తాంటే వాళ్ళోళ్ళంతా చుట్టూ చేరి నవ్వుతాండారు. వాళ్ళయినాక ఆ మంగలాయప్ప మా తట్టు చూసి "రా పాపా, కూసో" అన్యాడు.

పాప ఏడవలేదు. రెండు జడలూ చేత్తో పట్టుకోని నా తట్టు తిరిగింది.

"మా, నేను కదలకుండానే కూసున్నా గదా?" అనింది.

అంతే అనింది. నన్ను నిలదీసింది కాదు. నిజంగానే తెలీక అడిగింది. తాను యాడ కదిలిందో, యాడ తప్పు చేసిందో అర్థం గాక.

నాకు ఇంగ చాలయింది. ధైర్యమొచ్చిందనుకునేరు, కాదు. మోయలేనోడు మూట దించినట్ల దించేసినా, అంతే. పోయి ఆయప్ప ముందర పీట మీద కూసున్నా.

"అన్నా, నాకు కొట్టు" అన్నా.

"మ్మేయ్! ఏం చేస్తాండావ్? లెయ్" అనింది అత్త. తిరపతిలో ఎంతమంది ఆడోళ్ళు తలనీలాలు ఇస్తారో అందరికీ తెలిసిందే. మా అత్తగారింట్లో మాత్రం మొగుడు బతికుండగా ఆడది గుండు కొట్టించుకునేది లేదు.

"మొక్కింది నా నోరు అత్తా. ఆ నోరుండే తలే ఇస్తాండా. దాన్ని అడిగి మొక్కినానా నేను?"

"దాని తల అని సామితో అన్నావు."

"అన్నా. అనకూడని మాట అన్నా. ఆయనకు కోపమొస్తే నా మీదికే రానీ. బిడ్డ మీదికి రాదు. ఆయన గూడా ఒక బిడ్డ కోసమే వచ్చినోడు గదా."

మా ఇంటాయన ముందుకొచ్చినాడు. "ఏందే ఇది? లోకం ఏమనుకుంటాది? సోమారం ఆఫీసుకెట్ల పోతావు?"

"నీ తల ఇస్తావా? రా, పక్కన చోటుండాది" అన్నా. ఆయన ఇంగ ముందుకు రాలేదు.

అత్త నిలబడే ఉంది. తిడుతుందనుకున్నా, చెయ్యి పట్టి లేపుతుందనుకున్నా. మెల్లగా నా ఎనక్కి వచ్చింది. నా ముడి ఇప్పింది. పిన్నులు ఒకటొకటే తీసి కొంగున కట్టుకునింది. పెండ్లయి ఇన్నేండ్లలో ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది లేదు. చెంబు తీసుకోని తానే నీళ్ళు పోసి తడిపింది.

"బ్లేడు కొత్తదెయ్యప్పా" అనింది ఆయప్పతో. గొంతు గట్టిగానే ఉండె గానీ, ముక్కు చీదుకునేది వినబడింది.

కత్తి నెత్తి నడిమధ్యన పెట్టి ముందుకు లాగినాడు. సల్లగా గాలి తగిలింది. తడి జుట్టు జారి ఒళ్ళో పడింది. అంతే, ఎనకనుంచి పాప కేక పెట్టింది.

"మా యమ్మకొద్దు! మా యమ్మకొద్దన్నా! నాది తీస్కోండి, నాది తీస్కోండి!"

రిబ్బన్లు లాగేసుకుంటాందని అత్త అరుస్తాంటే తెలిసింది. తిరిగి చూద్దామంటే కత్తి నెత్తి మీదుండాది. ఇన్నాళ్ళ అలుపు, ఇన్నాళ్ళ ఏడుపు అంతా అప్పుడొచ్చింది నాకు. చెయ్యి పక్కకు చాపినా. అది వచ్చి పట్టుకునింది.

"నీది నీకే ఉండనీ తల్లీ" అన్నా. దాని ఏడుపులో వినిందో లేదో. నా చేతినిండా తడి ఎంటికలు అంటుకోనున్నాయి. అట్లే పట్టుకోని నిలబడింది, ఆయప్ప పని అయిపోయేదాకా ఇడిసిపెట్టలేదు.